గుర్రం వెనక ఎరుపు

కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషికి పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఉన్నారు. గాజుసీసాల ఫ్యాక్టరీవాళ్లు. పని చిన్నదే. వెనక లైటు వెలుగుతున్న తెల్లటి పలక ముందు కూర్చోవాలి. ఆ వెలుగుకి అడ్డంగా బెల్టు మీద సీసాలు వరసగా పోతుంటాయి. గాజులో బుడగ ఉన్నా, మెడ దగ్గర వెంట్రుకంత పగులున్నా, అడుగు కాస్త వంకర పోయినా వేలితో తోసి కింద డబ్బాలో పడెయ్యాలి. మిగతా ఇన్స్పెక్టర్లు చూసీ చూడనట్టు వదిలేసేవి కూడా ఇతను వదలడు. అందుకే అక్కడ అందరూ అతన్ని రిజెక్టు అని పిలుస్తారు. ఆ పేరు గేటు దాటి ఇంటిదాకా వచ్చేసింది. బావ అయితే ఫోనెత్తగానే, "ఏమోయ్ రిజెక్టూ, ఇవాళ ఎన్ని సీసాల పీక నొక్కావు?" అంటాడు.

ఆ గుణం సీసాల దగ్గరే ఆగి ఉంటే ఎవరికీ ఏ బాధా లేదు. ఆగలేదు. ఆగనందువల్ల ఏమైందో చెబుతాను. చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది, అయినా చెబుతాను.

అతనికి ఉన్నది ఒక్కతే అక్క. తల్లి పోయాక తల దువ్వి బడికి పంపింది ఆమే, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆమే, చలికాలం దుప్పటి కప్పి మేడ మీద పడుకోబెట్టి చుక్కలు చూపించిందీ ఆమే. ఆమె అప్పటికే ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇంకులు కలిపే పనిలో చేరింది. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఆ వేలితోనే ఆకాశంలోకి చూపించి, "వరసగా మూడు చుక్కలున్నాయి చూడు. అందులో చివరిదాని పక్కన ఒక గుర్రం తల ఉంది. నువ్వు చూడలేవు, నేనూ చూడలేను. కానీ ఉంది" అనేది.

"చూడకుండా నీకెలా తెలుసు?"

"మేం అచ్చేశాం కాబట్టి."

ఆ అచ్చు వెనక ఒక పాత తగువు ఉంది. ఏదో కంపెనీవాళ్లు కేలండరు వేయించుకున్నారు. అందులో ఒక నెలకి ఆ గుర్రం బొమ్మ. నల్లటి దుమ్ముమేఘం అచ్చం గుర్రం తలలా లేచి ఉంటుంది. దాని వెనక తెర కట్టినట్టు ఎర్రటి వాయువు. కంపెనీవాళ్లిచ్చిన నమూనా బొమ్మ వెలిసిపోయి ఉంది. అందులో ఎరుపు ఏ ఎరుపో ఎవరికీ తెలియదు. అక్క రాతిపలక మీద కత్తితో ఇంకు నూరింది, వేలికి అద్దుకుని కాగితం మీద రుద్దింది, కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెట్టి చూసింది, మళ్లీ కలిపింది. చివరికి దానిమ్మ గింజ రంగు దగ్గర ఆగింది. ఇదే, ఇంతకంటే ఒక్క పిసరు అటూ ఇటూ కాదు అంది. ప్రెస్సు ఓనరు ఒంటికాలి మీద లేచాడు. "గోడకి రక్తం పూసినట్టుంది. ఎవరు తగిలించుకుంటారమ్మా? తెలుపు కలుపు" అన్నాడు. ఆమె వాదించింది. నమూనాలో చీకటి అంత చిక్కగా ఉంటే పక్కనున్న ఎరుపు పలచగా ఎలా ఉంటుందని అడిగింది. జీతమిచ్చేవాడితో వాదించి నెగ్గినవాళ్లెవరు? తెలుపు కలిపింది. కేలండర్లన్నీ గులాబీ పళ్లపొడి రంగులో బయటికి పోయాయి. తన ఎరుపుతో ముందు పరీక్షగా తీసిన ప్రూఫు షీటు ఒక్కటి మాత్రం ఇంటికి తెచ్చుకుని బీరువా తలుపుకి లోపలివైపు అతికించుకుంది.

చిన్న విషయమే. కానీ కొందరికి కొన్ని చిన్న విషయాలు జన్మంతా గొంతులో ముల్లులా ఉండిపోతాయి. పెళ్లయ్యాక కూడా, బావ ఏ మాటకైనా అడ్డం చెబితే, "నువ్వు కూడా తెలుపు కలపమంటావు" అనేది.

తర్వాత ఆమె కళ్లు పోవడం మొదలైంది. ముందు చీకట్లో కనపడటం మానేసింది. చుక్కలు పోయాయి. తర్వాత పక్కలు పోయాయి. ప్రెస్సులో కాలి పక్కనే ఉన్న నీలం ఇంకు డబ్బాని తన్నేసిన రోజున ఆమె తనంత తానే పని మానుకుంది. కంటి డాక్టరమ్మ చాలా మంచి మనిషి, అబద్ధం చెప్పలేదు. "అంచుల నుంచి మూసుకుంటూ వస్తుందమ్మా. దీనికి మందు లేదు. మధ్యలో మిగిలిన చూపు ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను. చూడాలనుకున్నవి ఏమన్నా ఉంటే వాయిదా వెయ్యకండి" అంది.

ఆ సాయంత్రం అక్క తమ్ముణ్ని పిలిచింది.

"ఒరే, నీ దగ్గర ఆ గొట్టం ఉందిగా."

గొట్టమంటే టెలిస్కోపు. చుక్కల పిచ్చి అంటించింది ఆమే కదా. అతను ఎప్పుడో సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఆకాశంతోపాటు మెల్లగా తిరిగే మోటారు స్టాండు కూడా ఉంది. కెమెరా ఒక్కటే లేదు.

"దానికి కెమెరా తగిలించి ఆ గుర్రాన్ని ఒక్కసారి తియ్యి. వెనకున్నది ఏ ఎరుపో నా కళ్లతో నేను చూసుకోవాలి. నేను కరెక్టా, ఆ ఓనరు కరెక్టా తేలిపోవాలి. ఆ తర్వాత మూసుకుంటే మూసుకోనీ."

"తీస్తానక్కా. ఈ చలికాలం దాటనివ్వను" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ అన్నాడు. మాట ఇచ్చేటప్పుడు అతని మనసులో ఏ లోపమూ లేదు. అదే నా బాధ.

చలికాలం అప్పుడే మొదలైంది. చీకటి పడేసరికి ఆ మూడు చుక్కలు తూర్పున తేలుతున్నాయి. బావ డ్రైవింగు స్కూల్లో మాస్టరు. ఏదీ నానబెట్టే రకం కాదు. ఆ రాత్రే అటక మీద నుంచి తన పాత కెమెరా దింపి, దుమ్ము దులిపి ఇచ్చాడు. పెళ్లయిన కొత్తలో అక్క ఫొటోలు తీయడానికి కొన్నది. "బంగారంలా పనిచేస్తుందోయ్. దీన్ని నీ గొట్టానికి తగిలించి ఈ వారమే కొట్టు" అన్నాడు.

అతను దాన్ని టెలిస్కోపుల షాపుకి పట్టుకెళ్లాడు. షాపాయన తిప్పి చూసి, "మీకిదే మొదటి కెమెరా కదా. ఇంట్లో ఉన్నదానితో మొదలుపెట్టండి. బొమ్మంటూ ఒకటి వస్తుంది" అన్నాడు.

"ఎరుపు వస్తుందా?"

"మామూలు కెమెరాల్లో బొమ్మని పట్టే సెన్సరు ముందు ఒక అద్దం ఉంటుంది. మనుషుల మొహాలు సరిగ్గా రావాలని ముదురు ఎరుపుని చాలావరకు ఆపేస్తుంది. మీ గుర్రం వెనక ఉన్నది అచ్చంగా ఆ ఎరుపే. వస్తుంది గాని పాలిపోయి వస్తుంది."

"పళ్లపొడి రంగులో."

"అలాగే అనుకోండి."

అంతే, బావ కెమెరా కింద డబ్బాలో పడింది. అక్క అడిగిందే ఎరుపు, పాలిపోయిన బొమ్మ చూపించి ఓనరుని నెగ్గించనా అన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ ఒక్క మాటలో తప్పు లేదు. తప్పు ఆ తర్వాత జరిగింది.

షాపాయన ఇంకో కెమెరా తీశాడు. ఆ అడ్డు అద్దాన్ని ఎవరో ముందే పీకించేశారు. ఎరుపుకి అడ్డే లేదు. ఇతను ఇంటికి తీసుకెళ్లి, మూత పెట్టి, చీకట్లోనే బొమ్మలు తీసి చూశాడు. వేడెక్కేకొద్దీ నల్లటి బొమ్మ మీద ఎర్రటి చుక్కలు మొలుస్తున్నాయి. చాలామంది వాటిని కంప్యూటర్లో తుడిచేసుకుని హాయిగా ఉంటారు. ఇతనికి గాజులో బుడగల్లా కనపడ్డాయి. లేని ఎరుపు పుట్టించే కెమెరాతో ఉన్న ఎరుపుని ఎలా కొలుస్తాం అని వెనక్కిచ్చేశాడు. మూడోది ఆకాశం కోసమే చేసిన రంగుల కెమెరా. వెనక చల్లబరిచే ఫ్యాను ఉంది, చుక్కలు మొలవవు. దానికి ఒక మూల చిన్న మెరుపు వస్తుందని తెలిసి అదీ వద్దన్నాడు. ఆ మూల గుర్రం ఉండదు కదయ్యా అని షాపాయన తల పట్టుకున్నాడు.

ఈలోగా రాత్రులు ఎలా ఉన్నాయంటారా? అద్దం తుడిచినట్టున్నాయి. ఒక్క మబ్బు లేదు. గుర్రం నడినెత్తికెక్కింది. ఈయన కింద కూర్చుని మీనమేషాలు లెక్కపెట్టాడు.

అక్క ఫోన్ చేసేది. "ఏదైనా తేల్చావా?"

"తేలిందక్కా. నలుపు తెలుపు కెమెరా కొంటున్నాను."

"నేను ఎరుపడిగితే నలుపు తెలుపేంట్రా?"

అతను ఉత్సాహంగా వివరించాడు. రంగుల కెమెరా సెన్సరు మీద ప్రతి నాలుగు చిన్న గళ్లలో ఒక్కటే ఎరుపుని చూస్తుంది. నలుపు తెలుపు దాంట్లో అన్ని గళ్లూ చూస్తాయి. కెమెరా ముందు ఎర్ర అద్దం పెట్టి ఒకసారి, పచ్చది పెట్టి ఒకసారి, నీలం పెట్టి ఒకసారి విడివిడిగా తీసి తర్వాత కలపాలి. అప్పుడు వచ్చే రంగుకి ఇంక తిరుగులేదు.

అవతల అక్క నవ్వింది. చాలాకాలం తర్వాత అంత నవ్వింది. "మా ప్రెస్సు పద్ధతే కదరా. ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు. విడిగా చూస్తే అన్నీ బూడిదే, కలిస్తేనే బొమ్మ. అదే కొను. ఆలస్యమైతే అయింది."

చూశారా, ఆమె కూడా ఆ తానులో ముక్కే. కళ్లు పోతున్న మనిషి, ఆలస్యమైతే అయింది అంది. పని మీద ప్రేమ అంటే అదేనేమో, నాకు తెలియదు. ఎవరో ఒకరు గట్టిగా కేకలేసి ఆ ఇద్దర్నీ ఆపాల్సింది. బావ ఒక్కడే గొణిగాడు. అతని మాట ఆ ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక.

ఆ కెమెరా షాపులో లేదు. తెప్పించడానికే చలికాలం సగం పోయింది. వచ్చాక చూస్తే టెలిస్కోపుకి బిగించే రింగు మరలు కలవలేదు. ఇంకో రింగు తెప్పించారు. అది బిగిసిన రోజు నుంచి మబ్బులు పట్టాయి. అతను సీసాల ముందు కూర్చుని కిటికీలోంచి ఆకాశం వంకే చూసేవాడు. జీవితంలో మొదటిసారి అతని చేతికింద నుంచి పగుళ్ల సీసాలు దాటిపోయాయి. అక్క ఫోన్ చేయడం తగ్గించింది. చేసినా కెమెరా ఊసెత్తేది కాదు, తిన్నావా పడుకున్నావా అని అడిగి పెట్టేసేది. ఖాళీ చేతులతో ఎదురుపడలేక అతను ఆ ఇంటి గడప తొక్కడమే మానేశాడు.

మబ్బులు విడిచేసరికి మూడు చుక్కలు పడమటికి జారిపోయాయి. పొద్దు గూకగానే కాసేపు కనపడి, కొండ వెనక్కి దిగిపోతున్నాయి. ఇంకొన్నాళ్లు పోతే సూర్యుడి వెలుగులో కలిసిపోతాయి. మళ్లీ కనపడేది వచ్చే చలికాలమే.

బావే కారు తీశాడు. నెత్తిన స్కూలు బోర్డు, రెండు వైపులా బ్రేకులు ఉన్న కారు. బావమరిది తోలుతుంటే పక్క సీట్లో కూర్చుని అలవాటుకొద్దీ తన బ్రేకు తొక్కుతూ, ఊరి చివర రాళ్ల క్వారీ దగ్గరికి చేర్చాడు. చీకటి పూర్తిగా పడకముందే సామాను బిగించారు. ముందు ఎర్ర అద్దం పెట్టాడు. లాప్‌టాప్ తెర మీద మొదటి బొమ్మ వచ్చింది. రెండోది, ఇంకోటి, అవన్నీ ఒకదాని మీద ఒకటి చేరాయి. చేరేకొద్దీ నలుపులోంచి గుర్రం తల లేచింది. చెవి, ముట్టె, మెడ మీద జూలు. బతుకులో అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

పచ్చ అద్దం తిప్పేసరికి గుర్రం కొండ వెనక్కి దిగిపోయింది.

మర్నాటి నుంచి మళ్లీ మబ్బులే. ఈసారి అవి విడవలేదు. చేతిలో మిగిలింది ఎర్ర అద్దంతో తీసిన ఒక్క ప్లేటు. గుర్రం స్పష్టంగా ఉంది, ఒక్క బుడగ లేదు, ఒక్క పగులు లేదు. కానీ దాని వెనక తెరంతా బూడిద రంగు.

"అంత కష్టపడి తీశావు. కంప్యూటర్లో ఆ బూడిద మీద కాస్త ఎరుపు పులిమెయ్యలేవా?" అన్నాడు బావ ఒకరోజు కార్లో వెళ్తుంటే.

"ఏ ఎరుపు పులమను? ఆమె అడిగిందే అది కదా. నేను పులిమితే అది నా ఎరుపు. అబద్ధం."

"అబద్ధమైతే ఏమైందోయ్?"

"వేరేవాళ్లకైతే ఏం కాదు బావా. అక్కకి చెప్పలేను. ఇది ఎర్ర ప్లేటు, మిగతావి వచ్చే చలికాలం అని చెబుతా. ప్రెస్సు మనిషి, అర్థం చేసుకుంటుంది."

బావ కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. తర్వాత, "వచ్చే చలికాలం అంటున్నావు. ఈ మధ్య మీ అక్క గోడ పట్టుకుని నడుస్తోంది. అడిగితే నడుం నొప్పి అంటోంది. రేపు పొద్దున్నే వచ్చెయ్" అన్నాడు.

పొద్దున్న వెళ్లేసరికి అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ప్రెస్సులో కూడా రంగు చూడాలంటే ఆమె అలాగే కిటికీ పక్కకి జరిగేది. తల దువ్వుకుంది, మంచి బట్టలు కట్టుకుంది. తమ్ముడి అడుగుల చప్పుడు విని మొహం ఇటు తిప్పింది. "చిక్కిపోయావురా" అంది. నిజానికి అతను ఒళ్లు చేశాడు. అప్పుడైనా తెలుసుకుని ఉండాల్సింది. అతను టేబుల్ మీద లాప్‌టాప్ సర్దే హడావిడిలో ఉన్నాడు.

బొమ్మని తెర నిండా పెట్టాడు. "అక్కా, ముందు నీకొక మాట చెప్పాలి" అన్నాడు.

"ఏం చెప్పకు. నన్ను చూడనీ."

ఆమె ముందుకి వంగింది. తెరకి బాగా దగ్గరగా మొహం పెట్టింది. బావ గుమ్మంలో నిలబడ్డాడు. తమ్ముడు అక్క మొహం వంకే చూస్తున్నాడు. ఆ మొహంలో మెల్లగా, ఎవరో లోపలి నుంచి దీపం పెట్టినట్టు నవ్వు వచ్చింది.

"దానిమ్మ గింజ" అంది.

అతను తెర వంక చూశాడు. బూడిద. అక్క వంక చూశాడు. ఆమె కళ్లు తెర మీద లేవు. తెర అంచు దాటి, అవతల గోడ మీద ఎక్కడో ఉన్నాయి.

"నేను చెప్పలా? పిసరు తేడా లేదు. నల్లటి గుర్రం, వెనక నా ఎరుపు. ఎంత బాగా తీశావురా. బీరువాలో ప్రూఫు షీటు ఉంది, తీసుకురా. పక్కన పెట్టి చూస్తాను."

బావ నోరు తెరవబోయాడు. అతను చెయ్యెత్తి ఆపాడు. బీరువా తలుపు నుంచి షీటు జాగ్రత్తగా ఊడదీసి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లు చీకట్లో ఉండటం వల్ల అది కొంచెం కూడా వెలిసిపోలేదు. ఆమె దాన్ని వేళ్లతో తడిమి, అంచు సరిచూసుకుని, తెర పక్కన ఎత్తి పట్టుకుంది. ఇటు దానిమ్మ గింజ ఎరుపు, అటు బూడిద. కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురు రెంటి మీదా సమానంగా పడుతోంది.

"ఒకటే" అంది. "రెండూ ఒకటే. ఆ ఓనరు ఉండి ఉంటే పిలిచి చూపించేదాన్ని."

అతనికి బావ అటక మీద నుంచి దింపిన పాత కెమెరా గుర్తొచ్చింది. పాలిపోయిన ఎరుపైనా సరే, పళ్లపొడి రంగైనా సరే, ఆ వారమే తీసి ఉంటే ఈ కళ్లు చూసేవి. చూసి, ఇది తప్పురా, ఇంకా ముదురుగా ఉండాలి అని తిట్టేవి. ఆ తిట్టు ఎంత బాగుండేది. తెలిసొచ్చింది, కానీ ఇప్పుడు తెలిసి ఏం లాభం.

"నువ్వు దిగులు పెట్టుకోకురా" అంది అక్క. అతను ఏమీ అనకముందే అంది. "ఆలస్యం చేశానని లోపల కుమిలిపోతుంటావు, నాకు తెలుసు. నా కళ్లుండగానే చూపించావు. అది చాలు."

"అవునక్కా."

"నువ్వు దేన్నీ ఓ పట్టాన దాటనివ్వవు కదా. ఇన్స్పెక్టరుగారు చెప్పాలి. పాసా, రిజెక్టా?"

అతను తెర వంక మరోసారి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక లేనిదాన్ని ఉందని అతను ఎప్పుడూ అనలేదు.

"పాసక్కా" అన్నాడు.

ఆమె తృప్తిగా తలూపింది. షీటుని టేబుల్ మీద పెడుతున్నాననుకుని వదిలింది. అది నేల మీద పడింది. బావ చప్పుడు కాకుండా వచ్చి, వంగి తీసి, టేబుల్ మీద పెట్టాడు.